రహీం సాబ్ తయారుచేశారు, కలకత్తా తీసుకువెళ్లింది

1950వ దశకంలో భారత ఫుట్‌బాల్‌కు రెండు రాజధానులు ఉండేవి. మొదటిది కలకత్తా. ఫోర్ట్ విలియం చుట్టూ పరచుకున్న మైదాన్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మదన్ స్పోర్టింగ్ క్లబ్బులు, వాటి వెనుక లక్షలాది అభిమానులు, టిక్కెట్ల రాబడి, పత్రికల పతాక శీర్షికలు. రెండవది హైదరాబాద్. అక్కడ అంతటి ధనమూ లేదు, అంతటి జనమూ లేదు. ఉన్నదల్లా ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లకూ అభిమానులకూ ఆయన రహీం సాబ్.

ఆటగాడిని తీర్చిదిద్దడం హైదరాబాద్ వంతు, అతడిని తీసుకువెళ్లడం కలకత్తా వంతు అన్నట్లుగా ఆ రెండు నగరాల సంబంధం ఏళ్ల తరబడి సాగింది. అలా వెళ్లినవారిలో పలువురు దేశానికి కీర్తి తెచ్చారు. కానీ వారిని తయారుచేసిన ఊరికి, తయారుచేసిన మనిషికి తిరిగి ఏమి దక్కింది? భారత జట్టు శిక్షకుడిగా రహీం సాధించిన విజయాలు అందరికీ తెలిసినవే. ఆ విజయాల వెనుక మిగిలిపోయిన ఈ ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు.

పాఠశాల నుండి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. విద్యార్థి దశలో విశ్వవిద్యాలయానికి చెందిన ఎలెవన్ హంటర్స్ జట్టులోను, తరువాత స్థానిక లీగ్‌లో ఖమర్ క్లబ్ తరఫున ఆడారు. జీవనోపాధి మాత్రం ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలల్లో పనిచేశారు. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేసి, పాఠశాలల్లో ఆటల బాధ్యత స్వీకరించారు.

ఆయనలోని శిక్షకుడిని రూపుదిద్దింది ఈ బడి జీవితమే. పాఠం పిల్లవాడికి అర్థం కాకపోతే తప్పు పాఠం చెప్పిన తీరులో ఉందని నమ్మే ఉపాధ్యాయుడి దృష్టితోనే ఆయన బంతిని చూశారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాక ఆ దృష్టి నగరమంతటికీ విస్తరించింది. ఆనాటి కుర్రవాళ్లకు బంతి దొరికితే కాలి దగ్గరే ఉంచుకొని ఒకరిద్దరిని తప్పించి చూపాలన్న ఉబలాటం ఎక్కువ. రహీం అందుకు విరుగుడుగా డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టారు. బంతి అందుకున్నవాడు వెంటనే సహచరుడికి అందించి తీరాలి. కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం ఉన్నవారు కుడికాలితోను మాత్రమే తన్నవలసిన పోటీలు కూడా నిర్వహించారు. పాసులు వేయండని, రెండు కాళ్లూ వాడండని నోటితో వందసార్లు చెప్పడానికి బదులు, అలా ఆడితే తప్ప గెలుపు దక్కని నియమాన్ని పెట్టడం ఆయన పద్ధతి.

ఈ పోటీలకు పెద్ద ఖర్చు అవసరం లేదు. ఓర్పూ, ఒక క్రమమూ, ప్రతి సాయంత్రం మైదానంలో నిలబడే మనిషీ కావాలి. వీధుల్లో, బస్తీల్లో, సికింద్రాబాద్ దండు ప్రాంతంలో ఆడుకునే పేద పిల్లలు ఆ పోటీల ద్వారానే ఆయన కంటబడ్డారు. ఒక్కొక్క ఆటగాడి వెనుక అలా ఖర్చయిన సంవత్సరాలకు ఏ పద్దులోనూ లెక్క లేదు.

పోలీసు ఉద్యోగమే ఒప్పందం

రహీం చేతిలో దేశమంతటికీ తెలిసిన జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు ఆ జట్టే గెలుచుకుంది. 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954లో మళ్లీ ఆ కప్ గెలిచింది. 1957లో ఈస్ట్ బెంగాల్‌పై నెగ్గి మూడవసారి సాధించింది. ఆంధ్ర ప్రదేశ్ అవతరణ అనంతరం ఆంధ్ర పోలీస్ పేరుతో ఆడుతూ 1961లో మరోసారి మోహన్ బగాన్‌నే ఓడించి డ్యూరాండ్ గెలుచుకుంది. కలకత్తా క్లబ్బులకు ఉన్న ఆర్థిక స్తోమతలో కొద్దిపాటి కూడా లేని జట్టు ఈ విజయాలు సాధించింది.

ఇది ఎలా సాధ్యమైంది? ఆనాటి భారత ఫుట్‌బాల్ కాగితం మీద అమెచ్యూర్ క్రీడ. ఆడినందుకు జీతం ఇవ్వడం నిషిద్ధం. కనుక ఆటగాడికీ జట్టుకూ నడుమ ఇంత కాలానికి ఇంత మొత్తమన్న రాతపూర్వక ఒప్పందం ఉండేది కాదు. ఆటగాడిని నిలుపుకునే సాధనం ఉద్యోగం ఒక్కటే. హైదరాబాద్‌లో ఆ సాధనం పోలీసు శాఖ. కానిస్టేబుల్‌గానో అంతకు పై హోదాలోనో చేరిన కుర్రవాడికి నెల జీతం, ఇంటికి భద్రత, వయసు మళ్లాక పింఛను ఉండేవి. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్ వంటి మేటి ఆటగాళ్లు ఆ ఖాకీ దుస్తుల్లోనే దేశానికి ఆడారు. పోలీసు ఉద్యోగం వారికి జీవనాధారం, జట్టుకు కట్టుగొయ్య.

కలకత్తాలో లెక్క వేరు. అక్కడి లీగ్‌ను, షీల్డ్ పోటీని 1893లో ఏర్పడిన ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ నడిపేది. ఏటా సీజన్ ఆరంభానికి ముందు బదిలీల కాలం ఉండేది. ఆటగాడు ఆ కార్యాలయానికి వెళ్లి సంతకం చేస్తే క్లబ్ మారినట్లే. ఒక్క సంతకంతో అన్నీ తేలిపోతాయి కాబట్టి, ప్రత్యర్థి మనుషులకు చిక్కకుండా ఆటగాళ్లను రహస్యంగా ఇళ్లల్లో, అతిథి గృహాల్లో దాచిపెట్టడం కూడా కోల్‌కతా ఫుట్‌బాల్ గాథల్లో భాగమైంది. రైల్వే, రేవు, కస్టమ్స్ వంటి సంస్థల్లో కొలువులు, అవి చాలకపోతే చేతికి అందే నగదు ఆకర్షణలు. మరోవిధంగా చెప్పాలంటే, ఏడాదికొకసారి ఆటగాడు స్వేచ్ఛాజీవి. అతడిని కోరుకునే క్లబ్బులు అతడి గుమ్మం ముందు నిలబడేవి.

ఈ సంత కలకత్తా సరిహద్దుల్లోనే ఆగలేదు. 1934 నుండి 1938 వరకు వరుసగా అయిదేళ్లు కలకత్తా లీగ్ గెలిచిన మొహమ్మదన్ స్పోర్టింగ్ దేశం నలుమూలల నుండి ఆటగాళ్లను రప్పించింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో ఈస్ట్ బెంగాల్ కార్యదర్శి జె.సి. గుహ దక్షిణాదిపై దృష్టి సారించారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే అయిదుగురు దక్షిణాది ఆటగాళ్లతో ఏర్పడిన ముందు వరుసను బెంగాలీలు పంచపాండవులని పిలుచుకున్నారు. 1949, 1950, 1951 సంవత్సరాల్లో వరుసగా మూడుసార్లు ఈస్ట్ బెంగాల్ ఐ.ఎఫ్.ఏ. షీల్డ్ గెలుచుకుంది. ఆ దారి ఒకసారి తెరుచుకున్నాక, ఆ దారిలోనే హైదరాబాద్ కూడా ఉందని కలకత్తా గుర్తించడానికి ఎంతో కాలం పట్టలేదు.

అమ్ముగూడ కుర్రవాడు

సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం జీవితం ఈ సంబంధానికి నిలువుటద్దం. నిరుపేద కుటుంబం. ఆటకు బూట్లు కొనుక్కోవడమే కష్టమైన రోజులు. ఒక స్థానిక మ్యాచ్‌లో ఆ కుర్రవాడిని చూసిన రహీం, సంతోష్ ట్రోఫీ ఎంపికలకు హైదరాబాద్ రమ్మని పిలిచారు. రోజూ అంత దూరం రావడానికి డబ్బు లేదని తెలిసి, ఆ ప్రయాణ ఖర్చును కూడా రహీమే సర్దుబాటు చేశారని చెబుతారు. 1956-57లో హైదరాబాద్ తొలిసారి సంతోష్ ట్రోఫీ గెలిచింది, మరుసటి ఏడాది కూడా నిలబెట్టుకుంది. ఆ తొలి విజయం నాటి జట్టులో బలరాం ఉన్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు కూడా వెళ్లి వచ్చారు.

1957లో ఈస్ట్ బెంగాల్ ఆయనను తీసుకుంది. 1962 వరకు ఆయన ఆ ఎర్ర బంగారు రంగు చొక్కాలోనే ఆడారు. 1961లో ఆయన నాయకత్వంలో ఆ క్లబ్ కలకత్తా లీగ్ గెలిచింది. చునీ గోస్వామి, పి.కె. బెనర్జీలతో కలిసి బలరాం భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులలో ఒకరయ్యారు. ఆట ముగిశాక కూడా ఆయన బెంగాల్‌ను విడిచి రాలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో స్థిరపడ్డారు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలోనే కన్నుమూశారు.

బలరాం వెళ్లడంలో తప్పేమీ లేదు. పేదింటి యువకుడికి తన కాళ్లలోని విద్యే ఆస్తి. ఆ ఆస్తికి ఎక్కడ విలువ ఎక్కువ ఉంటే అక్కడికి వెళ్లే హక్కు అతడిది. ఈస్ట్ బెంగాల్ తప్పు కూడా కాదు. మంచి ఆటగాడు కావాలని కోరుకోవడమే క్లబ్ ధర్మం. లోపం మరోచోట ఉంది. విత్తు నాటి, నీరు పోసి పెంచినవాడిని గుర్తించే గడి ఆ వ్యవహారపు పత్రాల్లో ఎక్కడా లేదు. కలకత్తా లీగ్ కలకత్తా క్లబ్బులది, హైదరాబాద్ లీగ్ హైదరాబాద్ క్లబ్బులది. 1996లో జాతీయ లీగ్ ఆరంభమయ్యే వరకు ఈ ఊళ్లన్నింటినీ ఒక్క పట్టికలో చేర్చిన పోటీయే లేదు. ఉమ్మడి పద్దు లేనిచోట ఇచ్చిపుచ్చుకోవడాలకు లెక్క ఉండదు.

బేస్‌బాల్ రాసుకున్న లెక్క

ఆటగాడు స్వేచ్ఛగా వెళ్లిపోతే, విడిచిన జట్టుకు ఏమి చెల్లించాలి? ఈ ప్రశ్నకు సమాధానాన్ని నియమాలుగా అందరికంటె వివరంగా రాసుకున్నది అమెరికా వృత్తి బేస్‌బాల్. హైదరాబాద్, కలకత్తాల కథను అర్థం చేసుకోవడానికి ఆ అనుభవం ఉపకరిస్తుంది.

అక్కడ కథ ఇందుకు పూర్తిగా వ్యతిరేక దిశలో మొదలైంది. 1879లో బీజం పడిన రిజర్వ్ నిబంధన ప్రకారం ఒప్పందం ముగిసినా ఆటగాడు తన జట్టుకే కట్టుబడి ఉండాలి. యజమాని అమ్మితే మరో జట్టుకు వెళ్లాలి, లేదా ఆట మానుకోవాలి. సెయింట్ లూయిస్ జట్టులో పన్నెండేళ్లు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను 1969లో ఫిలడెల్ఫియాకు మార్చివేసినప్పుడు ఆయన తలవంచలేదు. దావా వేశారు. 1972లో అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల మెజారిటీతో ఆయనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆయన ఆట జీవితం అప్పటికే ముగిసిపోయింది. కానీ 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ మరో ఇద్దరు ఆటగాళ్ల వివాదంలో రిజర్వ్ నిబంధన ఒక్క ఏడాదికి మించి చెల్లదని తేల్చారు. 1976 ఒప్పందంలో ఆరేళ్లు ప్రధాన లీగ్‌లో ఆడినవారికి ఫ్రీ ఏజెన్సీ, అంటే కోరిన జట్టుతో బేరమాడుకునే స్వేచ్ఛ లభించింది.

ఆ వెంటనే రెండవ ప్రశ్న వచ్చింది. ఆరేళ్లు ఆడించి, అంతకు ముందు చిన్న లీగుల్లో కొన్నేళ్లు తర్ఫీదు ఇచ్చిన జట్టు ఒట్టి చేతులతో మిగలాలా? ఇందుకు బేస్‌బాల్‌కు అందుబాటులో ఉన్న నాణెం డ్రాఫ్ట్. 1965 నుండి అక్కడ కొత్త కుర్రవాళ్లను జట్లు ఏటా వరుస క్రమంలో ఎంచుకుంటాయి. వెనుకబడిన జట్లకు ముందు అవకాశం ఉంటుంది. వరుసలో ముందున్న చోటు అంటే మంచి కుర్రవాడు దొరికే అవకాశం. కనుక డబ్బుకు బదులు ఆ చోటునే పరిహారంగా ఇవ్వవచ్చు. ఆటగాడిని కోల్పోయిన జట్టుకు డ్రాఫ్ట్‌లో ఒక అదనపు ఎంపిక దక్కుతుంది. అతడిని తీసుకున్న జట్టు తన వరుసలో ఒక చోటు వదులుకుంటుంది. వెళ్లిన చెట్టుకు బదులు మొక్క అన్నమాట.

వినడానికి ఎంతో న్యాయంగా ఉన్న ఈ పద్ధతి ఆచరణలో చిక్కులు తెచ్చింది. పరిహారం పెంచాలని యజమానులు పట్టుబట్టడంతో 1981లో ఆటగాళ్లు 50 రోజులు సమ్మె చేశారు. 713 మ్యాచ్‌లు రద్దయ్యాయి. పరిహారం ఎంత బరువైతే, స్వేచ్ఛ అంత తేలికైపోతుందన్నది వారి వాదన. ఆ సమ్మె అనంతరం అన్ని జట్లూ రక్షించుకోని ఆటగాళ్లను ఒక చోట చేర్చి, నష్టపోయిన జట్టు వారి నుండి ఒకరిని తీసుకునే ఏర్పాటు చేశారు. దాని ఫలితంగా 1984లో న్యూయార్క్ మెట్స్ జట్టు ఎవరినీ కొనకపోయినా, మరో జట్టు చేసిన కొనుగోలుకు పరిహారంగా తమ దిగ్గజ బౌలర్ టామ్ సీవర్‌ను చికాగోకు కోల్పోయింది. బేస్‌బాల్‌లో బంతి విసిరేవారిని పిచర్ అంటారు, సీవర్ ఆ కాలపు మేటి పిచర్లలో ఒకరు. ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవలేదు.

2012 నుండి అమలులో ఉన్న పద్ధతి మరికొంత సూక్ష్మమైనది. అత్యధిక వేతనం పొందే 125 మంది సగటు మొత్తానికి ఒక ఏడాది ఒప్పందాన్ని పాత జట్టు ముందుగా ఆటగాడికి ప్రతిపాదించాలి. 2024లో ఆ మొత్తం 2 కోట్ల 10 లక్షల 50 వేల డాలర్లు. ఆటగాడు దానిని కాదని మరో జట్టుకు వెళితేనే పరిహారపు ఎంపిక లభిస్తుంది. అంత మొత్తం ఇవ్వడానికి సిద్ధపడని జట్టుకు పరిహారం అడిగే అర్హత లేదన్నది ఇందులోని తర్కం. పరిహారం ఏ వరుసలో వస్తుందన్నది కూడా ఆ జట్టు ఆదాయ స్థితిని బట్టి మారుతుంది. చిన్న నగరపు జట్టుకు మెరుగైన చోటు, ఖర్చు పరిమితి దాటిన సంపన్న జట్టుకు ఎక్కడో దిగువన చోటు లభిస్తుంది.

అయినా సమస్య పూర్తిగా తీరలేదు. 2019లో డాలస్ కైకిల్, క్రెయిగ్ కింబ్రెల్ అనే ఇద్దరు పేరున్న పిచర్లు సీజన్ మొదలై నెలలు గడిచినా జట్టు లేకుండా ఉండిపోయారు. వారిని తీసుకుంటే డ్రాఫ్ట్ చోటు పోతుందని జట్లు జంకాయి. జూన్‌లో డ్రాఫ్ట్ ముగిసి, ఆ భారం తొలగిన తరువాతే ఇద్దరికీ ఒప్పందాలు కుదిరాయి. పరిహారం కొన్న జట్టు జేబు నుండి రావాలనుకున్నారు. కొంత భాగం ఆటగాడి జేబు నుండే వచ్చింది.

జకార్తాలో దక్కిన ప్రతిఫలం

మన దేశంలో 1950వ దశకంలో ఇటువంటి నియమం ఏదీ లేదు. డ్రాఫ్ట్ లేదు, పరిహారపు చోటు లేదు, శిక్షణ రుసుము లేదు. ఒక ఆటగాడు మైదాన్‌కు చేరితే రహీం మళ్లీ బస్తీలకు వెళ్లి మరో కుర్రవాడిని వెదుక్కోవలసిందే. అయితే ఆయనకు ఒక విచిత్రమైన మార్గంలో ఆ ఆటగాళ్లు తిరిగి దక్కారు. ఆ మార్గం పేరు భారత జట్టు.

జాతీయ జట్టు శిక్షకుడిగా ఆయన తొలి ఘనత 1951 ఆసియా క్రీడల స్వర్ణం. ఢిల్లీలో జరిగిన ఫైనల్‌లో మేవాలాల్ చేసిన ఏకైక గోల్‌తో ఇరాన్‌పై శైలేన్ మన్నా జట్టు గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో పరాభవం ఎదురైంది. మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడిన మ్యాచ్ అది. ఆ తరువాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం ఆ ఓటమిని పాఠంగా స్వీకరించారు. పొట్టి పాసులు, వేగం, వెనుకకు జారి ఆటను అల్లే సెంటర్ ఫార్వర్డ్ ఆయన వ్యూహంలో ప్రధానమయ్యాయి.

1956 మెల్‌బోర్న్‌లో దాని ఫలితం కనిపించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి, ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. సెమీస్‌లో యుగోస్లావియా చేతిలో, కాంస్యం కోసం బల్గేరియా చేతిలో ఓడినా నాలుగవ స్థానం దక్కింది. ఆ బృందంలో నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికర్, లతీఫ్, బలరాం వంటి హైదరాబాద్ ఆటగాళ్ల వరుసే ఉంది. నాలుగేళ్ల తరువాత రోమ్‌లో హంగరీ 2-1తో గెలిచినా చెమటోడ్చక తప్పలేదు, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా అయింది. హంగరీ మీద, పెరూ మీద గోల్స్ చేసింది బలరామే. అప్పటికి ఆయన ఈస్ట్ బెంగాల్ ఆటగాడు. కానీ రహీంకు ఆయన అమ్ముగూడ నుండి వచ్చిన పాత శిష్యుడే.

1962 జకార్తా ఆసియా క్రీడలు రహీం జీవితంలో చివరి పెద్ద అధ్యాయం. అప్పటికే క్యాన్సర్ ఆయన శరీరాన్ని తినివేస్తోంది. చునీ గోస్వామి నాయకత్వంలోని జట్టులో అధిక భాగం కలకత్తా క్లబ్బుల వారే. అయితే వారిలో పలువురి మూలాలు కలకత్తావి కావు. ముందు వరుసలో బలరాం ఉన్నారు. గోల్ వద్ద సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టి, సైన్యంలో ఆడి, అక్కడి నుండి కలకత్తా చేరిన పీటర్ తంగరాజ్. సొంత గడ్డను వీడని హైదరాబాద్ పోలీసు ఆటగాడు యూసుఫ్ ఖాన్ కూడా ఆ జట్టులోనే ఉన్నారు. వెళ్లినవారు, నిలిచినవారు ఒకే శిక్షకుడి కింద మళ్లీ కలిశారు.

తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి ఎదురైంది. థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీస్‌లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించి భారత్ ఫైనల్ చేరింది. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు దూరం పెట్టడాన్ని భారత క్రీడా ప్రముఖుడు జి.డి. సోంధీ విమర్శించడంతో ఇండోనేషియా ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. ఆ కేకల నడుమ సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌లో దక్షిణ కొరియాపైనే భారత్ 2-1తో గెలిచింది. పి.కె. బెనర్జీ ఒక గోల్ చేయగా, రెండవ గోల్ జర్నైల్ సింగ్‌ది. జర్నైల్ నిజానికి రక్షణ శ్రేణి ఆటగాడు. తలకు గాయమై కుట్లు పడిన ఆయనను సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాలన్నది రహీం నిర్ణయం. కుడికాలి వాటం వాడిని ఎడమకాలితో ఆడించిన ఉపాధ్యాయుడికి అది కొత్త ఆలోచన కాదు.

ఆ స్వర్ణమే ఆయనకు దక్కిన పరిహారం. మైదాన్ తీసుకువెళ్లిన ఆటగాళ్లను దేశం కొన్ని వారాలపాటు ఆయనకు తిరిగి అప్పగించింది. ఆ కొన్ని వారాల్లోనే ఆయన వారితో ఆసియాను గెలిచి చూపించారు. అయితే ఆ ప్రతిఫలం శిక్షకుడిగా ఆయనకు దక్కినదే తప్ప, హైదరాబాద్ మైదానాలకు కాదు.

ఎండిన ఊట

1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. కడవరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగాను, పోలీసు జట్టు శిక్షకుడిగాను కొనసాగారు. అదే ఏడాది ఆంధ్ర పోలీస్ జట్టు రోవర్స్ కప్ గెలిచింది. 1965-66లో ఆంధ్ర ప్రదేశ్ సంతోష్ ట్రోఫీ సాధించింది. ఆయన నాటిన చెట్ల చివరి కాపు అది. ఆ తరువాత ఆ రెండు ట్రోఫీలూ మళ్లీ ఇటు రాలేదు.

ఆటగాళ్లు మాత్రం అంతటితో ఆగిపోలేదు. 1966లో మొహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. హబీబ్ కోల్‌కతాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడి, అక్కడి అభిమానుల నోట బడే మియాగా నిలిచిపోయారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నయీముద్దీన్ నాయకుడు, హబీబ్ కీలక ఆటగాడు. హైదరాబాద్ బస్తీలు ప్రతిభను ఇస్తూనే ఉన్నాయి. కానీ ఒకరు వెళితే ఆ చోటులో మరొకరిని నిలబెట్టే పంతులు ఇక లేరు. వెళ్లినవారి పేరిట తిరిగి వచ్చిన పైకమంటూ ఏదైనా ఉండి ఉంటే, దానితో ఒక శిక్షకుడిని నియమించడమో, ఒక పాఠశాల మైదానాన్ని కాపాడడమో సాధ్యమయ్యేది. అటువంటి ఏర్పాటు లేకపోవడంతో వ్యవస్థ మొత్తం ఒక్క మనిషి ఓపికపైనే నిలిచింది. ఆ మనిషితోనే అది సన్నగిల్లింది.

రహీం మరణించిన మూడు దశాబ్దాల తరువాత ప్రపంచ ఫుట్‌బాల్ ఇదే ప్రశ్నను ఎదుర్కొంది. 1995 డిసెంబరులో బోస్మన్ కేసులో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో, ఒప్పందం ముగిసిన ఆటగాడు రుసుము లేకుండా వెళ్లే హక్కు పొందాడు. ఆ స్వేచ్ఛ వల్ల చిన్న క్లబ్బులు నష్టపోకుండా 2001లో ఫిఫా శిక్షణ పరిహారాన్ని ప్రవేశపెట్టింది. 12 ఏళ్ల వయసు నుండి ఆటగాడికి తర్ఫీదు ఇచ్చిన క్లబ్బులకు కొత్త క్లబ్ చెల్లించాలి. ఆ తరువాత బదిలీ సొమ్ములో 5 శాతం వరకు అతడి తొలినాళ్ల క్లబ్బులకు పంపకం కావాలి. బేస్‌బాల్ పరిహారానికి, దీనికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. బేస్‌బాల్‌లో అది ఆటగాడిని చివరిగా కలిగి ఉన్న జట్టుకు చేరుతుంది. ఇక్కడ అతడిని తయారుచేసిన వారందరికీ చేరుతుంది.

ఈ రెండవ సూత్రమే రహీం వంటివారికి న్యాయం చేసేది. ఆటగాడి కాళ్లకు సంకెల వేయకుండా, వెళ్లే స్వేచ్ఛను కాపాడుతూనే, మొదటి పాఠం చెప్పిన మైదానానికి కొంత భాగం చేరాలి. లేనిపక్షంలో పెద్ద నగరాల వైభవానికి చిన్న మైదానాల శ్రమ మూల్యంగా మారుతుంది. చివరికి ఆ పెద్ద నగరాలకూ ఆటగాళ్లు కరువవుతారు. 1960 రోమ్ తరువాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు అర్హత పొందలేదు. 1962 తరువాత ఆసియా క్రీడల స్వర్ణమూ రాలేదు. ఇందుకు కారణాలు అనేకం. ఊట దగ్గర కాపలా లేకపోవడం వాటిలో ఒకటి.

రహీం కుమారుడు ఎస్.ఎస్. హకీం కూడా రోమ్ ఒలింపిక్స్ బృంద సభ్యుడే. ఆ తరువాత శిక్షకుడిగా పనిచేసి, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. ఇటీవలి హిందీ చలనచిత్రం మైదాన్ ద్వారా రహీం పేరు కొత్త తరానికి చేరింది. ఆ చిత్రం పేరు వినగానే కోల్‌కతా వారికి తమ నగరం నడిబొడ్డున ఉన్న పచ్చిక గుర్తుకు రావడం సహజం. ఆ పచ్చికపై పరుగెత్తిన ఎందరికో తొలి అడుగులు నేర్పింది మాత్రం హైదరాబాద్ బడుల ఆవరణలు. ఆ ఆవరణలకు రావలసిన బాకీ ఇంకా అలాగే ఉంది.